ఎర్రకోటు లేని బొమ్మ

మా సత్రం హాల్లో పొయ్యి పైన పెద్ద బొమ్మ ఒకటి ఉంది. మంచులో ఇరుసుల దాకా కూరుకుపోయిన టపా బండి, బండి తోలేవాడు, ముగ్గురు ప్రయాణికులు, మూడు గుర్రాలు. నాలుగో గుర్రం ఏదని వచ్చినవాళ్లందరూ అడుగుతారు. జేబెజ్ థోర్లీ సంగతి చెప్పాలంటే అక్కడే మొదలుపెట్టాలి.

జేబెజ్ ఆ బండికి గార్డు. ఎర్రకోటు, వెనక సీటు, చేతిలో బూర, కాళ్ల కింద టపా పెట్టె. డెర్బీ నుంచి మాంచెస్టర్‌కి ఇరవై రెండేళ్లు అదే పని. మాట తక్కువ, కోపం ఎక్కువ. నా చేతి సూప్ బాగుందని ఒక్కనాడూ అనలేదు, గిన్నెలో చుక్క మిగల్చనూ లేదు.

బండి ఆగినా టపా ఆగకూడదు. గార్డులకు అదొక్కటే ధర్మం. ఆ జనవరిలో మా కొండ మీద బండి కూరుకుపోతే, జేబెజ్ ముందు గుర్రాల్లో ఒకదాన్ని విప్పి, టపా సంచులు వేసుకుని వెళ్లిపోయాడు. పన్నెండు మైళ్లు దాటి టపా అప్పగించాడు. ఎడమకాలి వేళ్లు రెండు చలికి పోయాయి.

ఆనాటి ప్రయాణికుల్లో ఆంబ్రోస్ కెల్ అనే చిత్రకారుడున్నాడు. మేము ఆదరించామని బొమ్మ గీసి కానుకగా పంపాడు. అందులో గుర్రాలు నాలుగూ ఉన్నాయి. ఎర్రకోటు జేబెజ్ బండి పక్కన నిలబడి చేతులు రుద్దుకుంటున్నాడు, సంచులు కాళ్ల దగ్గరే ఉన్నాయి. నాకు బాగానే అనిపించి తగిలించాను.

తప్పు పట్టింది మిగతా గార్డులు.

"ఏరా జేబెజ్, మంచు కరిగాక పంచుదామనుకున్నావా?"

"పాపం, చేతులు వెచ్చబడనివ్వరా!"

జేబెజ్‌కి తల కొట్టేసినట్టయింది. లోపలికి రావడం మానేసి, గుర్రాల కొట్టంలో కూర్చుని తినేవాడు. నాకు కడుపు మండి, కెల్‌ని పిలిపించాను.

"నిన్ను అందంగానే గీశాను కదయ్యా!" అన్నాడాయన జేబెజ్‌తో.

"నన్ను తీసేయండి అయ్యగారూ."

"ఆ ఎరుపే బొమ్మకు ప్రాణం. తీసేస్తే ఏం మిగులుతుంది?"

"టపా వదిలి నిలబడ్డవాణ్ని నేను కాను. కాలు చూస్తారా?" అంటూ జేబెజ్ బూటు విప్పబోయాడు.

"విప్పితే ఇక మీకు భోజనం సయించదు. మీ రంగులపెట్టె బయటికి తీయండి," అన్నాను నేను కెల్‌తో.

కెల్ కుంచె అందుకున్నాడు. గార్డునీ, సంచుల్నీ, ఒక గుర్రాన్నీ తెల్లరంగుతో కప్పేశాడు. కొండ మీదికి గిట్టల గుర్తులు నాలుగైదు వేశాడు. ఆ పూట జేబెజ్ లోపలికొచ్చి పొయ్యి దగ్గర కూర్చుని సూప్ తాగాడు.

రైలొచ్చాక టపా బండ్లు పోయాయి. జేబెజ్ మా దగ్గరే గుర్రాలు చూసుకుంటూ ఉండిపోయాడు. ఇందులో మీరెక్కడని ఎవరడిగినా, ఛాతీ విరుచుకుని "నేను లేను" అనేవాడు. ఆ మాట అంత గర్వంగా అన్న మనిషిని నేనింకొకణ్ని చూడలేదు.

పోయిన శీతాకాలం జేబెజ్ చనిపోయాడు. నాలుగో గుర్రం ఏదని ఇప్పుడెవరైనా అడిగితే నేనే చెబుతున్నాను, జేబెజ్ టపా తీసుకుని వెళ్లాడని.