ఎన్నికల పాయసం

నేతిలో సేమియా వేగే వాసనొస్తే మా బాపు సర్పంచ్ ఎన్నికల్లో నిలబడ్డ ఏడాది గుర్తొస్తుంది. సెలవులో ఊరెళ్లి నామినేషన్ వేసి, సెలవు అయిపోగానే దుబాయ్ తిరిగొచ్చాడు. కరామాలోని మా గదిలో చప్పుడు పడకుండా ఏసీ ఆపేసి, చెమటలు కారుతుంటే ఓట్లడుగుతూ క్యాసెట్ నింపాడు. ఊళ్లో చిన్నాయన దాన్ని మైకులో వేశాడు.

"గెలిస్తే దుబాయ్ ఖలాస్. అందరం ఊర్ల మా అమ్మ దగ్గరనే ఉందాం," అన్నాడు బాపు. అమ్మ లేచి పొయ్యి దగ్గరికి వెళ్లింది.

ఫలితం రోజు ఫోన్ పెట్టేసి బాపు గోడవైపు తిరిగి పడుకున్నాడు. అమ్మ సేమియా పాయసం వండింది.

"బాపు గెలిచిండా అమ్మా?"

"ముందు తిను," అంటూ ఇంకో గరిటె వేసింది.

బాపు గెలిచాడని బిల్డింగంతా చెప్పొచ్చాను.

ఓడిపోయాడని మర్నాడే తెలిసింది. ఆ పాయసం దేనికో అర్థం కావడానికి మాత్రం నాకు పెళ్లయి, అత్తగారింట్లో కొన్నాళ్లు ఉండాల్సి వచ్చింది.