గ్రహణం నాటి ఏంజెల్ చేపలు

మా ఇంటికి అక్వేరియం వచ్చిన రోజు కింద వాటాలో ఉండే ఇంటి ఓనరమ్మ మేడ మీదికి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని, నీళ్ళలో తిరుగుతున్న నాలుగు ఏంజెల్ చేపల్నీ ఎగాదిగా చూసింది.

“సందువాపిల్లలేటమ్మా?” అంది. “ఇంత సిన్నవి కొనీసినారేటి? కూరకి సాలవు కదా.”

“కూరకి కాదండీ, పెంచుకోడానికి.”

“పెంచుకుని?”

నిజానికి అదే ప్రశ్న పొద్దున్నుంచీ నేను మా ఆయన్ని అడుగుతున్నాను. విశాఖపట్నంలో చేపని పులుసులో చూస్తారు, ఇగురులో చూస్తారు, హార్బరు దగ్గర గంపల్లో చూస్తారు. ముందుగదిలో లైటు వేసి మరీ చూడడం ఆ తొంభైల్లో మా గోపాలపట్నం దాకా ఇంకా రాలేదు.

మాది గోదావరి పక్క. మా ఆయనకి స్టీల్ ప్లాంటులో ఉద్యోగమని పెళ్ళవగానే ఈ ఊరు వచ్చాం. ఒకరోజు ఆయన “ఇంట్లో కాస్త పచ్చదనం ఉండాలోయ్” అంటే, బంతి మొక్కలో కనకాంబరాలో తెస్తారని మట్టి కలిపి పెట్టుకున్నాను. తెచ్చింది మొక్కలే గానీ, నీళ్ళలో మునిగి బతికేవి. వాటికో గాజుపెట్టె, అడుగున గులకరాళ్ళు, గాలి కొట్టే మోటారు. వాటి మధ్య తిరగడానికి నల్లచారలతో పల్చగా, పైకీ కిందకీ పొడుగాటి రెక్కలతో ఈ చేపలు.

ప్లాంటులో పనిచేసేవాళ్ళకి ఇనుము మీద ఉన్న నమ్మకం కట్టుకున్న పెళ్ళాం మీద కూడా ఉండదు. చెక్క బల్ల చాలదని, కంచరపాలెంలో వెల్డింగు షాపువాడి పక్కన నిలబడి యాంగిల్ ఇనుముతో స్టాండు చేయించుకొచ్చారు. దాన్ని మేడ ఎక్కించడానికి వీధిలో మగాళ్ళంతా సాయం పట్టారు. ఆ స్టాండుకి అక్వేరియం కాదు, ఆంబోతుని కట్టేసినా కదలదు.

తెచ్చింది ఆయన, చాకిరీ నాది. ఏ షిఫ్టు, బీ షిఫ్టు, సీ షిఫ్టు అంటూ ఆయన ఇంట్లో ఉంటే నిద్రలో ఉండేవారు. కొళాయి నీళ్ళు బకెట్లో పట్టి, మందు వాసన పోయేదాకా ఉంచి, మెల్లిగా పెట్టెలో పొయ్యడం నా పని. ఓనరమ్మ సిమెంటు తొట్టిలో దోమపిల్లల్ని వడకట్టుతో పట్టి చేపలకి వెయ్యడమూ నా పనే. అది టీ వడకట్టు కాదని ఒట్టేసి చెప్పినా మా ఆయన చాలాకాలం నేనిచ్చిన టీని వెలుతురులో పెట్టి చూసుకుని తాగేవారు.

తిట్టుకుంటూనే చేశాను. కానీ చేస్తూ చేస్తూ వాటికి అలవాటు పడిపోయాను. ఊరుకాని ఊళ్ళో పగలంతా మాట్లాడే మనిషి లేని ఇల్లు అది. నేను గదిలోకి రాగానే నాలుగు మొహాలూ ఇటు తిరిగేవి. తిండి కోసమేనని తెలుసు. అయినా నాకు సంతోషంగా ఉండేది.

కొన్నాళ్ళకి వాటిలో రెండు జతకట్టి మిగతా రెంటినీ ఒక మూలకి తరిమేశాయి. ఒక వెడల్పాటి ఆకుని నోటితో శుభ్రంగా తుడిచి, దాని మీద రాగి గింజల్లాంటి గుడ్లు వరసగా పెట్టాయి. తల్లీ తండ్రీ వంతులవారీగా రెక్కలతో విసురుతూ కాపలా కాశాయి. నా సంబరం పట్టలేక ఓనరమ్మనీ, ఆవిడ తోడికోడల్నీ, వెనకింటివాళ్ళనీ పిలిచాను. అందరూ గాజుకి ముక్కులు ఆనించి చూశారు. మర్నాటికి ఆకు బోసిగా ఉంది. గుడ్లని కన్నవాళ్ళే తినేశారు.

“మనం తిందారంటే వద్దన్నావు. అవే తినీసినాయి. ఏటి సేత్తాం?” అంది ఓనరమ్మ.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పూట వాటికి మేత వెయ్యలేదు. రెండోసారి మా ఆయన షిఫ్టు స్నేహితులు చూడడానికి దిగబడ్డారు, మళ్ళీ అదే కథ. చేపలమ్మే షాపాయన్ని అడిగితే, బెదిరిపోతే తినేస్తాయమ్మా అన్నాడు. ఇంక చుట్టం లేదు, స్నేహితుడు లేదు, ఎవర్నీ ఆ గదిలోకి రానివ్వకూడదని తీర్మానించుకున్నాను. ఈసారి ఎలాగైనా పిల్లలు బతకాలి. అంత పట్టుదల నేను చదువు మీద చూపించి ఉంటే మా నాన్న ఎంత మురిసిపోయేవారో.

మూడోసారి గుడ్లు పెట్టిన మర్నాడు మా అత్తగారు ఊరి నుంచి దిగారు. ఆవిడతోపాటు సూర్యగ్రహణం కూడా దిగింది.

సంచీలోంచి దర్భల కట్ట తీస్తూ ఆవిడ చెప్పుకుపోయారు. రేపు గ్రహణం పట్టకముందే వంట ముగించాలి. ఆవకాయ జాడీ మీద, పెరుగు గిన్నె మీద దర్భ వెయ్యాలి. విడిచాక తలస్నానాలు, ఇంట్లో నిలవున్న నీళ్ళన్నీ పారబోసి కొత్తనీళ్ళు పట్టడం. “బిందెలో నీళ్ళు, బకెట్లో నీళ్ళు...” అంటూ తిరుగుతున్న ఆవిడ వేలు గాజుపెట్టె ముందు ఆగింది. “ఇవీను.”

ఒక్కసారిగా నీళ్ళు తీసేసి కొత్త కొళాయి నీళ్ళు పోస్తే గుడ్లే కాదు, చేపలూ మిగలవు. ఎదురు చెబితే వినే మనిషి కాదు. అందుకని వినయంగా అడిగాను.

“అత్తయ్యగారూ, పారే నీళ్ళకి గ్రహణదోషం ఉంటుందాండీ?”

“గోదారికి దోషం ఏవిటే, పిచ్చిమొహమా?”

“మరి ఇవీ పారే నీళ్ళేనండి. మోటారు పారిస్తోంది.”

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని బుడగల్ని చాలాసేపు పరీక్షించారు. వేలు ముంచి చూశారు. “పారుతున్నాయి,” అని ఒప్పుకున్నారు. “కానీ ఇక్కడిక్కడే పారుతున్నాయే. సరే, మోటారు ఆగకూడదు మరి.”

మర్నాడు మా ఆయనకి పొద్దుటి ఏ షిఫ్టు. సెలవు పెట్టరా అంటే, “గ్రహణమని ఫర్నేసు ఆపుతారా అమ్మా” అని తెల్లవారకుండానే వెళ్ళిపోయారు. మా అత్తగారు కిటికీలన్నీ మూసి, నీడ పడకుండా పెట్టె చుట్టూ పాత నేతచీర కప్పి, దాని మీద కూడా ఒక దర్భ వేశారు. ఇద్దరం చాప మీద కూర్చున్నాం. గ్రహణం పట్టింది. కాసేపటికి కరెంటు పోయింది.

ఫ్యాను ఆగింది, మోటారు ఆగింది. మా అత్తగారు నా వైపు తిరిగి, “నిలిచిపోయాయి,” అన్నారు, జడ్జీగారు తీర్పు చదివినట్టు.

నాకు ఎక్కడలేని మొండితనం వచ్చింది. స్టీలు గ్లాసు తెచ్చి, చీర అంచు ఎత్తి, పెట్టెలో నీళ్ళు ముంచి మళ్ళీ అందులోనే పొయ్యడం మొదలుపెట్టాను.

“ఏం చేస్తున్నావే?”

“పారిస్తున్నానండి.”

“గ్లాసుతోనా?”

“గోదారంత కాకపోయినా పారుతున్నాయి కదండీ!” అన్నాను. గట్టిగానే అన్నాను గానీ వెంటనే ఏడుపొచ్చేసింది. “ఇప్పటికి రెండుసార్లు పోయాయండి. ఇవీ పోతే నేనింక ఈ పెట్టె మొహం చూడలేను.”

కోడలు ఎదురు తిరిగినందుకు ఏమంటారోనని చూస్తున్నాను. ఆవిడ మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి పక్కకి వచ్చారు.

“అలా ఎత్తి కుమ్మరిస్తే గుడ్లు ఊడిపోవూ? ఇలా ఇవ్వు.”

గ్లాసు అంచుని గాజుగోడకి ఆనించి సన్నటి ధారగా వదిలారు. మళ్ళీ ముంచారు, మళ్ళీ వదిలారు. చీర సందులోంచి ఆకు దగ్గర తల్లి చేప కనిపిస్తూనే ఉంది.

“నీ మొగుడు కడుపులో ఉండగా ఇలాగే గ్రహణం వచ్చింది,” అన్నారు. “చీకటి గదిలో వెల్లకిలా పడుకోబెట్టారు. దోమ కుట్టినా గోక్కోనివ్వలేదు. వీడికేమవుతుందోనని ఒకటే భయం. దీన్ని చూడు, రెక్క ఆపకుండా విసురుకుంటోంది. దీనికి మంచీ చెడ్డా చెప్పేవాళ్ళు కూడా లేరు పాపం.”

ఆవిడ చెయ్యి నొప్పి పుడితే నేను, నా చెయ్యి నొప్పి పుడితే ఆవిడ. కరెంటు రాలేదు. నీళ్ళ చప్పుడు విని ఓనరమ్మ కింద నుంచే కేకేసింది.

“ఏటమ్మా ఆ సప్పుడు? గ్రహణం ఇడిసీసిందేటి?”

“లేదమ్మా, చేపల నీళ్ళు పారిస్తున్నాం!” అని మా అత్తగారు జవాబిచ్చారు.

“అయ్యబాబోయ్! సేపలకి పురుడు పోత్తన్నారేటి?”

గ్రహణం విడిచింది. మా అత్తగారు కొంగు బిగించి బిందె, కుండ, బకెట్లు, ఆఖరికి చేపల కోసం నేను పట్టి ఉంచిన నీళ్ళతో సహా గుమ్మరించేశారు. కరెంటు లేక మేడ మీది ట్యాంకూ ఖాళీ. ఓనరమ్మ నూతిలో చేదతో తోడుకుని ఇద్దరం తలారా స్నానం చేసి పైకి వచ్చాం.

అప్పుడు పెట్టె మీది చీర తీశాను. ఆకు మీద ఆ రాగి గింజలు లేవు. అక్కడే చతికిలబడ్డాను.

మా అత్తగారు కళ్ళజోడు తుడుచుకుని వంగి చూశారు. “లేవే,” అన్నారు. “వీటికి తోకలున్నాయి.”

ఆకు నిండా వెంట్రుకల్లాంటి తోకలు. అన్నీ ఆకుని కరుచుకుని వణుకుతున్నాయి. ఏం చెయ్యాలో తెలీక ఆవిడ తడిచెయ్యి పట్టుకుని నవ్వేశాను. ఆవిడా నవ్వారు.

మధ్యాహ్నం మా ఆయన డ్యూటీ దిగి వచ్చారు. వస్తూనే బిందె వంచి చూసుకున్నారు, చుక్క లేదు. కూజా చూసుకున్నారు, అదీ బోర్లించి ఉంది. దాహంతో నోరెండిపోయిన మనిషి చివరికి గాజుపెట్టె వైపు చూశారు.

“ఏంటమ్మా ఇది! తాగడానికి చుక్క లేకుండా పారబోసి, ఇన్ని నీళ్ళు మాత్రం వదిలేశావేం? కరెంటు పోయిందటగా, వీటికి దోషం లేదా?” అని గట్టిగా అరిచారు.

భుజానికి అమృతాంజనం రాసుకుంటున్న మా అత్తగారు చటుక్కున లేచి వెళ్ళి పెట్టెకి అడ్డంగా నిలబడ్డారు.

“పసిపిల్లలున్న నీళ్ళు ఎవరన్నా పారబోస్తారట్రా? ముందు ఆ గొంతు తగ్గించు, తల్లి బెదిరిపోతుంది.”