ముక్కల మాస్టారు

ముక్కల మాస్టారి చేతిలో కుండ నిలవదు. ఇది పరిశోధనశాలలో అందరూ ఒప్పుకున్న సత్యం. నేలలో దాగిన పాతకాలపు వస్తువులను ఎలా తవ్వి తీయాలో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. తీశాక వాటి గతి మాత్రం దేవుడెరుగు. మట్టిగడ్డతో గదిలోకి వెళ్తారు, పెంకుల పళ్లెంతో బయటికి వస్తారు. "నా చెయ్యే జారింది" అంటారు. ముఖంలో సిగ్గన్నది మచ్చుకైనా ఉండదు.

దీంతో అందరికంటే ఎక్కువ తిప్పలు పడింది రోబో అమ్మాయి. తవ్వే రోబోను తయారుచేసింది ఆమే కాబట్టి అందరూ అలాగే పిలిచేవారు. షెడ్డులో గదంత మట్టితొట్టి ఉంది. పాత ఊళ్ల కింద ఎలా ఉంటాయో అలాగే, మాస్టారు కొత్త కుండలను అందులో పెట్టి, పొరలు పొరలుగా మట్టి వేసి పూడుస్తారు. రోబో తవ్వి, కుండను చుట్టూ ఉన్న మట్టితో సహా గడ్డగా పైకి తీస్తుంది. ఆ గడ్డను మాస్టారు తన గదికి పట్టుకెళ్లి, తలుపేసుకుని, కుంచెతో మట్టి దులుపుతారు. కుండ పగలకుండా వస్తేనే రోబోను అసలైన తవ్వకాలకు పంపుతానని, లేకపోతే ఆ పనే మూసేస్తానని డైరెక్టర్ ఖరాఖండిగా చెప్పేశాడు.

"మళ్ళీ పగిలిందా మాస్టారూ?"

"పగిలిందమ్మా. తడిమట్టి కుండను పట్టుకుని ఉంటుంది కదా, చుట్టూ వదులు చేయకుండా లాగేశాను. నాదే తొందర."

ఇంకోసారి, "మూతి పట్టుకుని ఎత్తాను. అడుగున చెయ్యి పెట్టాలన్న ఇంగితం ఉండొద్దూ?" అనేవారు.

అమ్మాయికి ఒళ్లు మండేది. ఈయన చేసే తప్పు ఒక్కటి కూడా తన రోబో చేయకూడదని పంతం పట్టింది. ఆయన తొందరపడ్డానంటే రోబోకు నిదానం నేర్పింది. ఆయన మూతి పట్టానంటే రోబోకు అడుగున చెయ్యి పెట్టడం నేర్పింది. "మాస్టారు చేసేదానికి సరిగ్గా తిరగేసి చెయ్యి, బాగుపడతావు" అని ఆయన ఎదుటే దానికి బుద్ధులు చెప్పేది. మాస్టారు నవ్వేవారే తప్ప నొచ్చుకునేవారు కాదు.

క్యాంటీన్‌లో ఆయనొక్కరికే స్టీలు గ్లాసులో టీ ఇచ్చేవారు. ఆయన గోడగడియారం కింద కూర్చోబోతే ఎవరో ఒకరు గడియారం దించి పక్కన పెట్టేవారు.

చివరికి డైరెక్టర్‌కు ఓపిక నశించింది. "రేపు ఆఖరి పరీక్ష. గడ్డను అందరి ముందూ విప్పాలి. ఆయన వేలు కూడా తగలడానికి వీల్లేదు" అన్నాడు. అమ్మాయి సంతోషం పట్టలేకపోయింది. తొట్టిలో మట్టి ఎంత తడిగా ఉందో అడగడానికి ఆ సాయంత్రం మాస్టారి ఇంటికి వెళ్లింది.

వంటగదిలో మాస్టారు చొక్కా చేతులు పైకి మడుచుకుని పల్చటి గాజుగ్లాసులు కడుగుతున్నారు. అమ్మాయి గుమ్మంలోనే ఆగిపోయింది.

"పిన్నిగారూ, ఆయన చేతికి గాజుగ్లాసులా?"

"మరెవరి చేతికివ్వను? నావి ఒట్టి జారుడు చేతులు" అంది మాస్టారి భార్య. "పెళ్లయిన దగ్గర్నుంచీ గాజుసామానంతా ఆయనే కడుగుతారు. ఒక్కటీ పగల్లేదు."

అమ్మాయి మాస్టారి వంక చూసింది. మాస్టారు కుళాయి వంక చూశారు.

"అంటే ఆ కుండలన్నీ..."

"గడ్డ విప్పేసరికే లోపల ముక్కలై ఉండేవమ్మా."

"పగలగొట్టింది నా రోబోనా? నాకైనా చెప్పొచ్చుగా."

"చెబితే నువ్వు ఊరుకుంటావా? వెళ్లి డైరెక్టర్‌కి చెప్పేస్తావు. ఆయన మొదట్లోనే మూసేసేవాడు. నేర్చుకునే చెయ్యి అన్నాక పగలగొట్టకుండా ఉంటుందా? నా మీద పడితే నాకేం పోయింది? దాని తప్పులన్నీ నావిగా చెప్పినా నీకు అందాయిగా. నిన్నటి కుండకు మూతి దగ్గర చిన్న బీటే."

అమ్మాయికి ఏడుపొచ్చింది. ఇన్నాళ్లూ తానన్న మాటలు గుర్తొచ్చి సిగ్గేసింది. ఆ వెంటనే భయమేసింది. రేపు గడ్డ విప్పేటప్పుడు వేసుకోవడానికి తలుపు ఉండదు.

మర్నాడు షెడ్డులో అందరూ బల్ల చుట్టూ మూగారు. రోబో గడ్డను తెచ్చి మెల్లగా బల్లమీద పెట్టింది. డైరెక్టర్ కుంచెను అమ్మాయి చేతికిచ్చాడు. ఆమె దాన్ని మాస్టారికిచ్చింది.

"నీకేమైనా మతిపోయిందా?" అన్నాడు డైరెక్టర్.

"ఆయన చేతిలో ఇంతవరకూ ఏదీ పగల్లేదు సార్. పగిలినవన్నీ నా రోబో పగలగొట్టినవే. ఇది కూడా పగిలి ఉంటే ఆ తప్పూ దానిదే. మా పని మూసేసినా సరే, ఆయన్నేమీ అనకండి."

డైరెక్టర్ పక్కకు జరిగాడు. మాస్టారు వంగి కుంచె ఆడించడం మొదలుపెట్టారు. మూతి కనబడింది. తర్వాత మెడ, తర్వాత బొజ్జ. ఎక్కడా బీట లేదు. ఆయన కుండను బల్లమీద నిలబెట్టి, తనకేం సంబంధం లేనట్టు చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయారు. అమ్మాయి ఏడుస్తూనే నవ్వింది.

డైరెక్టర్ ముఖం వెలిగిపోయింది. "రోబోను అసలైన తవ్వకాలకు పంపిస్తున్నాం" అంటూ, ఆ సంబరంలో కుండను అందరికీ చూపించబోయి తలపైకి ఎత్తాడు. అది ఆయన చేతుల్లోంచి జారి, నేలమీద పడి పెంకులైంది.

డైరెక్టర్ ముఖం పాలిపోయింది.

"అయ్యో, నా మోచెయ్యి తగిలింది సార్" అన్నారు మాస్టారు, షెడ్డుకు అటు చివర కుళాయి దగ్గర నుంచి.