తాత నోట కౌజు కూత

ఆముదంలో పసుపు కాగే వాసన వస్తే, దొరల కాలంలో కోవిల్పట్టి పక్క మా ఊళ్లో తాతను అనుమానించిన రోజులు గుర్తొస్తాయి. కౌజుపిట్టలా కూసి, పిట్టల్ని ఉచ్చులోకి రప్పించి, కూర వండించే మనిషి ఆయన. అలాంటివాడు రెక్క విరిగిన కౌజుకు ఆముదంలో కాచిన పసుపు రాసి, జొన్నదంటు చీలిక కట్టి, దాన్ని గంప కింద ఉంచి రోజూ చెదపురుగులు మేపాడు.

“కొవ్వెక్కినాక కోస్తావా తాతా?”

“రెక్క కుదరనీ అమ్మీ.”

ఒకనాడు ఆవుల్ని తోలుకొచ్చేసరికి గంప ఖాళీగా ఉంది. పొయ్యి మీద కూర ఉడుకుతోంది.

“పిట్టేడ తాతా?”

“దాని చేనికి అది పోయె.”

నేను కూర ముట్టలేదు.

సాయంత్రం పత్తిచేనులో కౌజు కూసింది. నన్ను నమ్మించడానికి తాతే కూస్తున్నాడనుకున్నాను. పక్కనే కూర్చున్న ఆయన నోటినిండా ఆకువక్క ఉంది. అయినా ఆ పెదవులనే చూస్తూ ఉండిపోయాను. ఆయన చేనువైపు తిరిగి ఆ కూత వింటున్నాడని అప్పుడు తోచలేదు.