ఓణీల ఫంక్షన్‌లో ఒకే ఒక్క నవ్వు

నేను వీడియో ఎడిటర్‌నని చెప్పగానే సింగపూర్‌లో మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న, "అంటే కట్ చేసి అతికించడమేగా?" అని. అవును, అంతే. డాక్టరు చేసేదీ కోసి కుట్టడమే. ఆ మాట ఎన్నడూ పైకి అనలేకపోయాను. అందుకే ఎవరింట్లో ఫంక్షన్ జరిగినా ఆ ఫుటేజీ చివరికి క్లెమెంటిలో నా ఫ్లాట్‌కే చేరుతుంది.

వారమంతా సైన్స్ పార్క్ దగ్గరి ఆఫీసులో కంపెనీల వీడియోలతో కుస్తీ పడతాను. "ఇంకొంచెం ఎనర్జీ కావాలి" అంటాడు క్లయింటు. ఎనర్జీ అంటే ఏమిటో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. రెండు షాట్లు అటూ ఇటూ మార్చి పంపితే, "ఇదే నేను అడిగింది" అంటాడు. ఆ చిరాకుతో ట్రైన్ ఎక్కితే ఫోన్లో వాయిస్ మెసేజీలు. "అక్కా, మా ఆడపడుచు ఒక్క షాట్లోనే ఉందక్కా, అదీ పక్కకి తిరిగి." "అక్కా, మా ఆయన బాస్ అక్షింతలేసింది కనపడలేదేంటి?" మన ఫంక్షన్ వీడియోలో కథ లేకపోయినా పరవాలేదు, వచ్చినవాళ్ళంతా ఉండాలి.

ఈ మెసేజీలు బూన్ లేలో ఉండే ఒకావిడవి. కాకినాడ వైపు వాళ్ళు. ఇక్కడే పుట్టి పెరిగిన కూతురికి ఓణీల ఫంక్షన్ చేశారు. అందరి లెక్కా తేలాక ఆవిడ అసలు సంగతి బయటపెట్టింది. "అమ్మాయి అన్నిట్లో మూతి ముడుచుకునే ఉందక్కా. నవ్వేవి పెట్టండి."

ఉంటే పెట్టనా? ఫుటేజీ అంతా వెతికాను. పట్టు లంగా, మెడ నిండా దండ, నెత్తి నిండా అక్షింతలు. వరసగా వచ్చి నోట్లో స్వీటు కుక్కి వెళ్తున్న ఆంటీలు. ఆ పిల్ల మాత్రం ఇంజెక్షన్ కోసం కూర్చున్నట్టు కూర్చుంది. కెమెరామన్ "స్మైల్" అన్నప్పుడల్లా పళ్ళు చూపించింది. దాన్ని నవ్వంటే నా ఉద్యోగానికే అవమానం. చిట్టచివర ఒకే ఒక్క నవ్వు దొరికింది. కళ్ళతో సహా నవ్విన నవ్వు. దాన్ని ఉన్నచోటే, చివర్లోనే ఉంచి పంపాను.

ఆవిడ ఒప్పుకోలేదు. మేనమామ ఓణీ ఇచ్చినప్పుడు ఆ నవ్వు కావాలట. ఆయన కాకినాడ నుంచి పనిగట్టుకుని వచ్చి, "మేనకోడలు నా మొహం చూసి నవ్వనైనా నవ్వలేదు" అని చిన్నబుచ్చుకుని వెళ్ళాడట. కుదరదన్నాను. నవ్వినప్పుడు పిల్ల ఎడమవైపు చూస్తోంది, మామ నిలబడింది కుడివైపు. ఎంత చెప్పినా ఆవిడ చెవికెక్కలేదు. ఆదివారం మధ్యాహ్నం కూతుర్ని వెంటబెట్టుకుని మా ఇంటికే వచ్చేసింది.

ఆవిడ నా కుర్చీ పక్కన కూర్చుంది, పిల్ల సోఫాలో ఫోన్ పట్టుకుని కూర్చుంది. నాకు ఒళ్ళు మండి, చూస్తారుగా అనుకుంటూ ఆ నవ్వుని అద్దంలోలా తిప్పి మామ పక్కన పెట్టాను. ఇప్పుడు పిల్ల సరిగ్గా మామ వైపే చూస్తోంది. ఆఫీసులో ఎవరికి చూపించినా బాగుందనేవారే. ఈవిడ మాత్రం కెవ్వుమంది. "అయ్యో, పైట కుడి భుజం మీదకొచ్చేసిందక్కా! మావాళ్ళు చూస్తే ఇంకేమైనా ఉందా!"

హమ్మయ్య, బతికాననుకున్నాను. ఆవిడ రెండు క్షణాలు ఆలోచించి, "అయితే మొహం ఒక్కటే దగ్గరగా పెట్టండి, పైట కనపడదుగా" అంది. నేను నోరెళ్ళబెట్టాను. నా పనంతా పక్కన కూర్చునే నేర్చేసుకుంది.

సోఫాలోంచి పిల్ల తల ఎత్తకుండానే అంది, "బట్ ఐ డిడ్న్ట్ స్మైల్ దేర్, మమ్మీ."

"నువ్వు ఊరుకో."

నేను మాత్రం ఊరుకోలేదు. "ఈ నవ్వు ఎక్కడిదో ఒకసారి వినండి" అని అసలు షాట్ సౌండుతో వేశాను. కెమెరామన్ గొంతు వినిపించింది. "అయిపోయిందమ్మా, ఇంక వెళ్ళి డ్రెస్ మార్చేసుకో." పిల్ల ముఖం విచ్చుకుంది.

ఆవిడ మళ్ళీ వేయమంది. మళ్ళీ వేశాను. తర్వాత చిన్న గొంతుతో అంది. "నేనూ ఇలాగే కూర్చున్నానక్కా. ఎప్పుడు లేవనిస్తారా అని. నా ఆల్బంలో ఒక్క ఫొటోలో కూడా నవ్వుండదు. మా అమ్మ ఇప్పటికీ అది తీసి చూపిస్తూ ఏడిపిస్తుంది."

"మరి తెలిసి తెలిసీ దీన్నెందుకు కూర్చోబెట్టారు?" అన్నాను. నా గొంతు కాస్త కటువుగానే వచ్చింది.

"చెయ్యకపోతే ఎలాగక్కా?" అంది, అదేం ప్రశ్న అన్నట్టు. "ఆ నవ్వు అక్కడ పెట్టెయ్యండి."

పెట్టాను. ముఖం మాత్రమే కనిపించేలా దగ్గరికి లాగి, కెమెరామన్ గొంతు తీసేసి, కింద సన్నాయి వేశాను. మామ ఓణీ అందిస్తాడు, పిల్ల ఆయన్ని చూసి మురిసిపోతుంది. ఎంత బాగా కుదిరిందంటే, నా చేతుల మీద నాకే అసహ్యం వేసింది.

పిల్ల ఫోన్ పక్కన పడేసి వచ్చి నా వెనక నిలబడి మొత్తం చూసింది. కోప్పడుతుందనుకున్నాను. నిజానికి కోప్పడాలనే కోరుకున్నాను. తను మామూలుగా అడిగింది.

"ఆంటీ, నేను పెద్దయ్యాక ఇది చూస్తే, ఐ విల్ థింక్ ఐ వాజ్ హ్యాపీ, రైట్?"

వాళ్ళమ్మే చెప్పింది, పిల్ల చెంప మీద పడిన జుట్టు వెనక్కి తోస్తూ.

"అందుకేనమ్మా."