మల్లేశ్వరరావు గోడంత టీవీ

మల్లేశ్వరరావుకి చీర మడత విప్పాలంటే నామోషీ. నేతగాళ్ళ ఇంట పుట్టాడు, మగ్గం చప్పుడు వింటూ పెరిగాడు, పటమటలో చీరల కొట్టూ పెట్టాడు. ఆ చీరని నలుగురి ముందు పరిచి చూపించడానికి మాత్రం ఆయనగారికి నడుం వంగదు. "విప్పుకుంటూ మడతపెట్టుకుంటూ కూర్చోడానికి మనమేమన్నా కూలివాళ్ళమా?" అంటాడు. కాకపోతే మరి ఏమిటట? కొట్లో కూర్చుని కొలువు తీరుద్దామనుకున్నాడు కాబోలు!

అందుకని గోడంత టీవీ తెచ్చి బిగించాడు. చీరలకి ఫొటోలు తీయించి అందులో వేస్తాడు. కొట్లో సరుకుండదు. ఎవరన్నా ఆర్డరిస్తే పెడనలో నేయించి తెప్పిస్తాడు. పొద్దస్తమానం చేతిలో రిమోటు, మొహంలో ధీమా.

టీవీ బిగించిన దుర్గాశంకర్ ముందే మొత్తుకున్నాడు. "అన్నయ్యా, ఇది చవక రకం. ఎదురుగా చూస్తే బాగుంటుంది, పక్కకి జరిగితే రంగు మారిపోద్ది. వెనకాల దీపాలు కూడా ఒక్కలా వెలగట్లేదు, ఎడంపక్క ఎక్కువ, కుడిపక్క తక్కువ. ఎటునుంచి చూసినా రంగు మారని రకం ఉంది, అది తీసుకో."

"కొనేవాళ్ళు ఎదురుగానే కూర్చుంటారు కదయ్యా! పక్కనుంచి తొంగి చూడ్డానికి ఇదేమన్నా ఊరేగింపా?" అని నవ్వేశాడు మల్లేశ్వరరావు.

కుడి ఎడమల వెలుగు తేడా మాత్రం ఆయన కంటిక్కూడా ఆనింది. దానికి మళ్ళీ మెకానిక్కుని పిలిచాడా? లేదు, సొంత తెలివి ఉందిగా! మిఠాయికొట్టు బటర్ పేపరు కత్తిరించి తెర ఎడంపక్క అంటించాడు. వెలుగు సమానమైంది. రెండువైపులా సమానంగా చచ్చింది.

భార్య మాధురి చూసి, "కంటికి శుక్లం కమ్మినట్టుందండీ" అంది.

"నీకేం తెలుసు?" అన్నాడు. పెళ్ళయిన నాటినుంచీ ఆ మాట ఆయన నాలుక చివరే ఉంటుంది.

కొట్టుకి బేరాలు పల్చబడ్డాయి. అప్పుడే పామర్రు రావమ్మగారి కొడుక్కి పెళ్ళి కుదిరింది. ఆడపడుచులకీ, తోడికోడళ్ళకీ, మేనకోడళ్ళకీ అందరికీ ఒకే రంగు చీరలు నేయించాలని ఆవిడ ముచ్చట. ఆ ఆర్డరొస్తే కొట్టు నిలబడుతుంది. రాకపోతే తాళం వేసి, బావమరిది గోపీనాథ్ బట్టలకొట్లో గుమాస్తాగా నిలబడాలి. "బావా, ఆ తాను అందుకో" అని గోపీనాథ్ పిలిచినట్టు అనుకుంటేనే మల్లేశ్వరరావుకి అన్నం సయించడంలేదు.

రావమ్మగారు కారు నిండా ఆడవాళ్ళని వేసుకుని దిగింది. పరుపు మీద ఈ గోడనుంచి ఆ గోడదాకా సర్దుక్కూర్చున్నారు. పెద్దావిడ కదాని మల్లేశ్వరరావు మర్యాదకి పోయి ఆవిణ్ణి ఏసీ గాలి తగిలే చివర కూర్చోబెట్టాడు. తను నడిమధ్య నిలబడి టీవీలో దానిమ్మరంగు చీర వేశాడు. నిలబడ్డ చోటునుంచి ఆయనకి గింజ ఒలిచినట్టు మెరిసిపోతోంది.

"ఇదేం రంగయ్యా, ఇటుకపొడిలా?" అంది రావమ్మగారు.

"కళ్ళజోడు తుడుచుకో వదినా! నిఖార్సైన దానిమ్మ," అంది మధ్యలో కూర్చున్న ఆడపడుచు కనకలక్ష్మి.

"ఎక్కడత్తా? వంకాయ రంగైతేనూ," అంది ఆ చివరనుంచి మేనకోడలు భానుశ్రీ.

"నా కళ్ళకేం రోగం?" అంది రావమ్మగారు ఆడపడుచు వైపు తిరిగి. "నీ కూతురి పెళ్ళికి నాకు పెట్టిన చీర ఏ రంగో కూడా నాకు గుర్తుంది. ఒక్క ఉతుకుకే వెలిసి చచ్చింది!"

"అమ్మో, ఇన్నాళ్ళూ కడుపులో దాచుకున్నావా తల్లీ!"

బేరం కాస్తా తగువులోకి దిగుతోంది. మల్లేశ్వరరావు ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెచ్చి టీవీకి ఎదురుగా వేశాడు. "ఒక్కొక్కరే వచ్చి ఇందులో కూర్చుని చూడండి."

కళ్ళ డాక్టరు దగ్గర వరస కట్టించినట్టు! ఆడవాళ్ళు చీర ఎంచేది ఒక్కొక్కరుగానా? ఒకరు అంచు పట్టుకోవాలి, ఒకరు కొంగు లాగాలి, ఇంకొకరు ఎవరి భుజానో వేసి వంక పెట్టాలి. అలా గొడవపడితేనే బేరం తెగుతుంది. చీరల మధ్య పుట్టినవాడికి ఆపాటి తెలియదు!

"నేను లేవను," అంది రావమ్మగారు. "నువ్వే ఇలా వచ్చి నా పక్కన కూర్చో బాబూ. ఇక్కణ్ణుంచి చూసి చెప్పు, దానిమ్మేనా?"

కూర్చున్నాడు. చూశాడు. ఇటుకపొడే. ఆయనకీ ఇటుకపొడిలాగే ఉంది.

"దానిమ్మేనండీ," అన్నాడు.

రావమ్మగారు కోప్పడలేదు. "సరే, అసలు చీరలు రేపు పామర్రు పట్టుకురా. వరండాలో పరుచుకుని అందరం చూస్తాం. నచ్చితే నీ దగ్గరే నేయించుకుంటాం," అంది.

ఇంకొకడైతే ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టేవాడు. ఈయన రిమోటు బల్లమీద పెట్టి, "మేం మూటలు కట్టుకుని ఇళ్ళకి తిరగమండీ," అన్నాడు.

అందరూ లేచారు. కొట్లోనే ఉన్న మాధురి మెట్ల దగ్గరికి పరుగెత్తింది. "పిన్నిగారూ, నేను తెస్తానండీ."

"మీ ఆయన తిరగం అన్నాడుగా అమ్మా?"

"ఆయన తిరగక్కర్లేదులెండి. తిరిగేది నేనుగా."

మర్నాడు పొద్దున్నే పెడన వెళ్ళి, నేతగాళ్ళని బతిమాలి నాలుగు చీరలు తీసుకుని, బస్సులో పామర్రు చేరింది. రావమ్మగారి వరండాలో ఎండ వెలుతురున పరిచింది. లాగారు, భుజాల మీద వేసుకున్నారు, పాత తగువులన్నీ తవ్వుకున్నారు. కాఫీలు వచ్చేసరికి అందరూ నెమలికంఠం రంగు మీద కుదిరారు. ఇటు తిప్పితే నీలం, అటు తిప్పితే పచ్చ. ఆ మారడమే చూసి మురిసిపోయారు.

అలా కొట్టు నిలబడింది. ఆ వారమే గోపీనాథ్ చూడ్డానికొచ్చాడు. మల్లేశ్వరరావు కాలుమీద కాలేసుకుని, "రావమ్మగారు మన టీవీలో చూసే పడిపోయారోయ్. నువ్వూ ఒకటి పెట్టించు," అని చెబుతున్నాడు.

మాధురి పరుపు మీద ఇంకెవరికో చీర విప్పుతోంది. తలెత్తకుండానే, "కాస్త జరగండి, వెలుతురుకి అడ్డమొస్తున్నారు," అంది.

జరిగాడు. జరిగి, చెప్పేది మళ్ళీ మొదట్నుంచీ అందుకున్నాడు.