మోటారు కోసం ఎన్నుకున్న సర్పంచ్

బూర్గంపాడు దాటి అడవిలోకి పోయే దారిలో ఒక చిన్న పంచాయతీకి నేను కార్యదర్శిని. పాత సర్పంచుల గడువు ముగిశాక చాలాకాలం ఎన్నికలు జరగలేదు. ఎన్నికైన పాలకవర్గం లేని పంచాయతీకి ఆర్థిక సంఘం నిధులు ఇవ్వకూడదని కేంద్రం నియమం. ఎన్నికలు పెట్టనిది ఊరివాళ్లు కాదు, శిక్ష మాత్రం వాళ్లకే పడింది. ఢిల్లీలో ఆ నియమం రాసినవాడు పక్కన మంచినీళ్ల గ్లాసు పెట్టుకునే రాసి ఉంటాడు.

మా పంచాయతీ కింద వాగవతల ఒక కోయగూడెం ఉంది. ఆ ఎండాకాలం మొదట్లోనే అక్కడి బోరు మోటారు కాలిపోయింది. బాగుచేయిద్దామంటే పంచాయతీ ఖాతా ఖాళీ. కొన్నాళ్లు ట్యాంకరుతో నీళ్లు పంపాను, డీజిలు నా జీతంలోంచే పోయించాను. ఇంట్లో మాటలు పడలేక అదీ మానేశాను. ఆడవాళ్లు వాగు ఇసుకలో చెలిమెలు తవ్వుకుని బిందెలు నింపుకునేవాళ్లు. మగవాళ్లు అశ్వారావుపేట పామాయిల్ తోటల ముచ్చట మొదలుపెట్టారు. అక్కడ పనితోపాటు రేకుల గది, ఇంటిముందు కొళాయి ఇస్తారట.

ఎవరూ పోవద్దని పట్టుబట్టింది ఒక్క ముసలామె. గూడెం ఒకసారి కదిలితే మళ్లీ ఒకచోట చేరదని, పోడు భూములు ఎవడో ఒకడు దున్నుకుంటాడని ఆమె భయం. ఒకరోజు నన్ను దారిలో ఆపి అడిగింది.

“మోటారుకు పైసలెందుకు వస్తలేవు సార్?”

“సర్పంచ్ లేడవ్వా. సర్పంచ్ ఉంటేనే కేంద్రం ఇస్తది.”

“గంతేనా?”

“అవ్, గంతే.”

ఆ వారంలోనే గూడెం మొత్తం ఎండలో నడిచి పంచాయతీ ఆఫీసు ముందుకు వచ్చింది. పిల్లల్ని చంకనేసుకుని మరీ వచ్చారు. తమ పద్ధతిలో ఇంటికొకరు కూర్చుని సర్పంచ్‌ను ఎన్నుకున్నారట. వాళ్ల దగ్గర ఓట్లుండవు. ఒక్క ఇల్లు కాదన్నా కూర్చున్నవాళ్లు లేవరు, అందరూ సరే అన్నాకే మాట ఖాయం. ఆ అవ్వ ఉతికిన చీర కట్టుకుని నా బల్ల ముందు నిలబడింది.

“నేను సర్పంచ్‌నైన సార్. ఇగ మోటారు తెప్పియ్యి.”

“అవ్వా, సర్కారు పెట్టిన ఎన్నికలే లెక్కకొస్తయి.”

“సర్కారు పెడ్తలేదు గదా. అందుకే మేం పెట్టుకున్నం.”

దానికి పైవాళ్ల దగ్గర జవాబు ఉంటుందేమోనని ఆమెను మండలాఫీసుకు తీసుకెళ్లాను. అధికారి ఫ్యాను కింద కూర్చుని అంతా విన్నాడు.

“ఏందయ్యా, గూడేనికో సర్పంచ్‌ను తయారుచేసి తెస్తే ఇగ మేమెందుకు?” అని నవ్వాడు. పక్కగదిలో వాళ్లను కూడా పిలిచి ఆమెను చూపించాడు. కూర్చోమని మాత్రం అనలేదు. అతని మీద ఆ రోజు పుట్టిన అసహ్యం నాకింకా తగ్గలేదు.

బయటికి వచ్చాక అవ్వ అడిగింది. “నవ్వుడు అయినంక ఏమన్నడు సార్?”

ఏమీ అనలేదని చెప్పాను.

ఎండలు ముదిరాయి. చెలిమెలు ఎండాయి. మూటలు సర్దుకుంటున్న ప్రతి ఇంటి ముందుకూ ఆమె వెళ్లి బతిమాలింది. నీళ్లెక్కడివని వాళ్లడిగారు. తామే నిలబెట్టిన సర్పంచ్ అని ఒకరూ ఎగతాళి చేయలేదు, ఆగనూ లేదు. చివరికి ఆమె కొడుకూ కోడలూ కూడా ఆటో ఎక్కారు.

తర్వాత అసలు ఎన్నికలొచ్చాయి. పాలకవర్గం వచ్చింది, నిధులొచ్చాయి. ఆ నిధులు జనాభాను బట్టి పంచుతారు. జనాభా మాత్రం పాత లెక్కల్లోది, కాబట్టి తాళాలేసిన ఇళ్ల వాటా కూడా పైసా తగ్గకుండా వచ్చింది. అందులో సగానికి పైగా నీళ్లకు, పారిశుద్ధ్యానికే ఖర్చుపెట్టాలని ఇంకో నియమం. గూడేనికి కొత్త మోటారు బిగించి, ప్రతి ఇంటిముందూ కొళాయి పెట్టించాం.

ప్రారంభానికి కొత్త సర్పంచ్, నాయకులు, అదే అధికారి వచ్చారు. కొబ్బరికాయ కొట్టారు, ఫొటోలు దిగారు, జీపుల్లో వెళ్లిపోయారు. కొళాయిలన్నీ ధారగా కారుతున్నాయి. అవ్వ ఒక్కతే బిందె తెచ్చి నింపుకుంది. ఆ తర్వాత తాళాలేసిన ఒక్కో ఇంటిముందూ ఆగి కొళాయి కట్టేసుకుంటూ నా దాకా వచ్చింది.

“ఒక్కదాన్ని సార్,” అంది. “గిన్ని నీళ్లు నేనేం జేస్కోవాలె?”